కాకినాడ ఉప్పుగాలిలో వెదురు రేకులు: కొన్నేళ్ళ వాడకం తర్వాత

మేడ మీద గదికి సిమెంటు రేకులు తీయించి వెదురు రేకులు వేయించాం. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఇనుప రేకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి చిల్లులు పడతాయి. సిమెంటు రేకుల్లోని ఆస్బెస్టాస్ పొడి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. రేకు కోసినా, పగిలినా అది గాల్లోకి లేస్తుంది. పిల్లలు పడుకునే గదికి ఆ రెండూ వద్దనుకున్నాం.

ఈ రేకును బెంగళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ ఇపిర్టి, కేంద్ర ప్రభుత్వ నిర్మాణ సామగ్రి సంస్థ బీఎంటీపీసీ కలిసి రూపొందించాయి. వెదురు బద్దల్ని సన్నగా చీల్చి అల్లిన చాపల్ని ఫినాలిక్ అనే రసాయన జిగురులో ముంచి, ఆరబెట్టి, ఒకదానిపై ఒకటి పేర్చి, వంపులున్న ప్రెస్‌లో వేడిగా నొక్కుతారు. ఒకసారి గట్టిపడ్డాక ఆ జిగురు నీళ్ళకు కరగదు, ఎండకు మెత్తబడదు. బలం వెదురు నారది, తడిని ఆపేది జిగురు.

వాన పడుతుంటే ఈ రేకుల కింద మామూలుగా మాట్లాడుకోవచ్చు. ఇనుప రేకుల కింద అది కుదిరే పని కాదు. మధ్యాహ్నం వేడి కూడా బాగా తగ్గింది, ఫ్యాను చాలు. కొబ్బరి మట్టలు ఎన్నోసార్లు పడ్డాయి, ఒక్క రేకూ పగల్లేదు. వెదురును పురుగు తొలిచిన పొడి రాలడం ఇంతవరకూ చూడలేదు.

బలహీనతంతా అంచుల్లోనే. చూరు వైపు కోసిన అంచుకు మిస్త్రీ రంగు పూయకుండా వదిలేసిన చోట తడి లోపలికి పాకి పొరలు విడిపోయాయి. కోసిన ప్రతి అంచుకూ, హుక్కు కోసం వేసిన ప్రతి రంధ్రానికీ వాటర్‌ప్రూఫ్ పూత పడాల్సిందే. హుక్కుల కింద మెత్తటి వాషర్లు ఉండాలి. పైభాగం ఎండకు వెలిసి నార లేస్తుంది కాబట్టి రెండు మూడేళ్ళకోసారి పెయింటు వేయించాలి. ఆ ఓపిక లేనివాళ్ళకు ఇది సరిపడదు.

పర్యావరణం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. వెదురు మూడు నాలుగేళ్ళకే కోతకొస్తుంది, నరికినా దుంప నుంచి మళ్ళీ మొలుస్తుంది, చాపల అల్లకం ఎందరో ఆడవాళ్ళకు కూలి ఇస్తుంది. కానీ జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది, రేకు మట్టిలో కలిసిపోదు. అయినా ఆస్బెస్టాస్ కంటే నాకు ఇదే నయం.

కొనేవాళ్ళు ఈ రేకులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15476 ముద్ర ఉందేమో చూడండి. ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని కొన్ని గంటలు నీళ్ళలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే ఆ సరుకు తీసుకోవద్దు.