‘మెరైన్’ ముద్ర చూసి ప్లైవుడ్ కొనకండి: నా కాయక్‌కి ఏమైందో చదవండి

నాణెంతో తట్టుకుంటూ పోతే నా కాయక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) అడుగంతా టక్ టక్‌మని గట్టిగా పలికింది. కూర్చునే చోటికి సరిగ్గా కింద మాత్రం, అరచేతంత మేర, శబ్దం బోలుగా వచ్చింది. చాకు మొనతో పైపొర లేపి చూశాను. మధ్యపొరలో రెండు చెక్కలు కలవాల్సిన చోట వేలెడు వెడల్పు సందు, అందులో నల్లబడిన తడి. చుట్టూ జిగురు వీడిపోయి పొరలు దేనికవి లేచి ఉన్నాయి. నాలుగు నెలల పాటు సాయంత్రాలన్నీ దీనికే పెట్టి కట్టుకున్న పడవ ఇది. ఒడ్డున రాయికి గీసుకుని ఒక సన్నటి గీత పడింది, దాంట్లోంచి నీళ్లు ఆ సందులోకి చేరాయి. ప్లైవుడ్ షీటు మంచిదైతే ఆ గీతకి కాస్త ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పూసి మర్చిపోయేవాణ్ణి.

ఇంట్లో కాయక్ కట్టాలనుకుని సామాను కోసం వెతుకుతున్న వాళ్లందరూ ఇది చదవాలని రాస్తున్నాను. అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటి సరుకు చాలాచోట్ల దొరుకుతుంది, కాబట్టి పేరు కంటే సరుకుని ఎలా గుర్తుపట్టాలో తెలియడమే మీకు ఉపయోగం.

నేను కొన్నది 4 మి.మీ. ఒకూమే (పడవలకి వాడే ఒక రకం చెక్క) ప్లైవుడ్ అన్నారు. షీటు మీద బీఎస్ 1088 అని ముద్ర కూడా ఉంది. అది మెరైన్ ప్లైవుడ్‌కి, అంటే పడవలకి వాడే ప్లైవుడ్‌కి, బ్రిటిష్ ప్రమాణం. నీటికి, వేడికి వీడని జిగురు వాడాలని, లోపలి పొరల్లో సందులు ఇంతకు మించకూడదని అందులో ఉంటుంది. కానీ ఆ అక్షరాలూ అంకెలూ షీటు మీద అచ్చు వేయడానికి ఒక రబ్బరు స్టాంపు చాలు. అడగాల్సింది ముద్ర కాదు, లాయిడ్స్ రిజిస్టర్ (ఓడల నాణ్యతని తనిఖీ చేసే సంస్థ) లాంటి బయటి సంస్థ పరీక్షించి ఇచ్చిన పత్రం. అది అడిగితే అమ్మేవాళ్లు మాట మార్చారంటే అక్కడితో వదిలేయండి. నేను అడగలేదు.

అసలు బాధేమిటంటే, షీటు నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. కాయక్ పొడవుకి ఒక షీటు చాలదు కాబట్టి రెండు ముక్కల అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పట్టి అతకాలి. మందానికి ఎనిమిది రెట్లు వాలు, అంటే 4 మి.మీ. షీటుకి 32 మి.మీ. అలా చిత్రిక పట్టినప్పుడు జిగురు గీతలు బయటపడతాయి. మంచి ప్లైవుడ్‌లో అవి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. నా షీటులో వంకరటింకరగా, ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పోయాయి. నా చిత్రిక సరిగ్గా లేదేమో అనుకుని మళ్లీ పదును పెట్టాను. పైపొర ఎంత పల్చనంటే, తర్వాత ఇసుక కాగితం రెండుసార్లు తగలగానే అడుగున మధ్యపొర కనబడింది. మూడు పొరల షీటులో పైదీ కిందిదీ కాగితంలా ఉండి, మధ్యది ఒక్కటే లావుగా ఉంటే అది ఒకవైపు సులువుగా వంగుతుంది, రెండోవైపు వంచితే పటుక్కున విరుగుతుంది. ఇలాంటి కాయక్‌లో పలకల్ని ముందు రాగి తీగలతో కుట్టి, తర్వాత ఎపాక్సీతో అతుకుతాం; పడవ ముక్కు దగ్గర ఆ తీగలు బిగిస్తుంటే నాకు ఒక పలక అలాగే విరిగింది. అప్పుడు కూడా తప్పు నాదే అనుకుని, ఎక్కువ బిగించానని సర్దిచెప్పుకుని, కొత్త ముక్క కోసి పెట్టాను.

బరువు కూడా చూడండి. ఒకూమే తేలిక చెక్క. 4 అడుగులు, 8 అడుగుల కొలతలో 4 మి.మీ. షీటు దాదాపు 5 నుంచి 6 కిలోలుంటుంది. నాది 8 దాటింది. అంటే పైన గులాబీ రంగు ఒకూమే పొర వేసి, లోపల వేరే చెక్క నింపారు. ఇది తూకం మీద పెడితే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం.

ఇక ఉడకబెట్టే పరీక్ష. పడవ పాడయ్యాక మిగిలిన ఒక ముక్కని రెండు వేళ్ల వెడల్పున కోసి, పాత గిన్నెలో మరిగించాను. అరగంట కాకముందే అంచున పొరలు విచ్చుకున్నాయి, గోరుతో లాగితే ఊడి వచ్చాయి. అసలైన మెరైన్ జిగురు గంటల తరబడి మరిగినా, ఆరబెట్టి మళ్లీ మరిగించినా వీడదు. జిగురు గీత ముదురు రంగులో ఉంది కదా, బాగానే ఉంటుందిలే అని రంగుని నమ్మకండి. ఈ ఒక్క పని మొదటి రోజే చేసి ఉంటే నా నాలుగు నెలలూ మిగిలేవి.

ఎపాక్సీ గురించి కూడా ఒక మాట, అదీ వాళ్ల దగ్గరే కొన్నాను. డబ్బా మీద రెసిన్, హార్డెనర్ (ఎపాక్సీలో కలపాల్సిన ఆ రెండు ద్రవాలు) 2:1 అని మాత్రమే ఉంది. కప్పులతో కొలిచే పరిమాణం ప్రకారమా, తూకం ప్రకారమా రాయలేదు. ఈ రెండూ ఒకటి కావు, ఎందుకంటే రెసిన్, హార్డెనర్ల సాంద్రత వేరు. నేను తూకం వేసి కలిపాను, మూడు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. గీకి, తుడిచి, మళ్లీ పూయాల్సి వచ్చింది. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువ పోయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పాలియెస్టర్ రెసిన్‌కి (పడవలకి వాడే మరో రకం) అలా నడుస్తుందేమో గానీ ఎపాక్సీలో ఎక్కువైన హార్డెనర్ లోపలే మిగిలిపోయి మెత్తగా ఉంచేస్తుంది. ముందు చిన్న కప్పులో కలిపి, మర్నాటికి గట్టిపడితేనే పడవ మీద చేయి వేయండి.

షీటుల సంగతి చెప్పి డబ్బు అడిగితే, ‘కోసిన షీటు వెనక్కి తీసుకోం’ అన్నారు. కోయకుండా లోపల ఏముందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? అందుకే కొనేముందే అరచేతంత ముక్క అడిగి తీసుకోండి, లేదా ‘ఉడకబెడితే పొరలు వీడితే డబ్బు వాపసు’ అని రాయించుకోండి. దానికి ఒప్పుకోని చోట కొనకండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. ఇది అల్మారా కాదు, లోతు నీళ్లలో మనిషి కూర్చునేది.

ఇప్పటికే కొనేసి, పలకలు కోసి కుట్టేసిన వాళ్లు కూడా కంగారు పడకండి. ఎపాక్సీ, ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఇంకా వేయకపోతే రాగి తీగలు విప్పుకోవచ్చు. కోతలో మిగిలిన ముక్క ఒకటి ఈ రాత్రే మరిగించి చూడండి.