కోటా పెట్టి తిట్లు తిన్నా, ఆర్కైవ్ పెట్టాక బతికిపోయా: మూడేళ్ల వాడకం తర్వాత

మాది కడపలో నాపరాళ్లు ఎగుమతి చేసే ఆఫీసు. 22 మంది ఉంటాం, మెయిల్ సర్వర్ మా దగ్గరే: లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చూసుకునేది). ఆర్కైవ్ కోసం, అంటే ప్రతి మెయిల్ కాపీ విడిగా దాచడానికి, పైలర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టి మూడేళ్లు దాటింది. మొదటి నెలలోనే రాసుంటే అంతా పొగడ్తే ఉండేది.

ముందు మా రోగం చెప్తా. ఎర్రగుంట్ల వైపు నుంచి స్లాబుల ఫోటోలొస్తాయి, ఒక్కోటి 6 ఎంబీ. మెయిల్‌లో పోవాలంటే అటాచ్‌మెంట్ బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారాలి కదా, మూడో వంతు పెరిగి 8 ఎంబీ అవుతుంది. దాన్ని సేల్స్ వాళ్లు ఐదుగురికి పంపుతారు, వాళ్లలో ఇద్దరు పార్టీలకు ఫార్వర్డ్ చేస్తారు, పంపిన ప్రతిదీ సెంట్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. ఒక్క రాయికి ఎనిమిది కాపీలు!

డిస్క్ నిండుతోందని మెయిల్‌బాక్స్‌కు తలా 5 జీబీ కోటా పెట్టా, అంతకు మించి దాచుకోలేరు. అకౌంట్స్ సార్ నేరుగా నా సీటు దగ్గరికొచ్చి, "ఏమబ్బీ, పాత బిల్లులన్నీ తీసేయమంటావా? రేపు ఆడిటర్ అడిగితే నువ్వొచ్చి చెప్తావా?" అన్నాడు. ఆయన మాటా న్యాయమే. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి, కంపెనీల చట్టం ప్రకారమైతే ఖాతా పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు.

దాంతో అందరూ ఔట్‌లుక్‌లో, మెయిళ్లు సొంత పీసీలో దాచుకునే పీఎస్‌టీ ఫైళ్లు చేసుకున్నారు. పాత రకం పీఎస్‌టీ 2 జీబీకే ఆగిపోయేది, ఔట్‌లుక్ 2010 నుంచి 50 జీబీ దాకా పోతుంది, కానీ సైజు కాదు అసలు గొడవ, ఆ ఫైలు ఒక్క మనిషి పీసీలో ఒక్కచోటే ఉంటుంది. ఒక మే నెలలో కరెంటు పోయి వచ్చేసరికి ఒక హార్డ్ డిస్క్ పోయింది, దానితో పాటే నాలుగేళ్ల మెయిళ్లు. పీఎస్‌టీని నెట్‌వర్క్ షేర్‌లో పెట్టి వాడటానికి మైక్రోసాఫ్టే సపోర్ట్ ఇవ్వదు.

పైలర్‌కు పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క లైను చాలు, ఆల్వేస్ బీసీసీ. ప్రతి మెయిల్ కాపీ అప్పటికప్పుడే ఆర్కైవ్‌కు పోతుంది, ఒకే అటాచ్‌మెంట్ పదిసార్లు వచ్చినా ఒక్కసారే దాచుకుంటుంది, కంప్రెస్ చేసి, కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాత మెయిళ్లు ఎక్కించడానికి నాకు రెండు వారాల రాత్రులు పట్టాయి, అది మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. అకౌంట్స్ సార్ ఎదురుగా ఒక పాత బిల్లు వెతికి చూపించాక, ఆయనే ఆ రోజు సాయంత్రం తన ఇన్‌బాక్స్ సగం తుడిచేశాడు. ఎక్కడికీ పోదని నమ్మకం కుదిరితే డిలీట్ చేయమని నేను బతిమాలే పనే లేదు. ట్రాష్‌లో 30 రోజులు దాటినవి డవ్‌కాటే తీసేస్తుంది. కోటా నిండినా మెయిల్ వెనక్కి కొట్టకుండా తాత్కాలికంగా ఆపేలా పెట్టాను, పంపినవాళ్ల సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది కాబట్టి ఆలోపు ఖాళీ చేసుకోవచ్చు.

ఇక టెన్షన్ పెట్టేవి. ఎన్‌క్రిప్షన్ కీ ఫైలు పోతే ఆర్కైవ్ మొత్తం చెత్తే, బ్యాకప్ ఉన్నా చదవలేరు. మా కీ రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉంది, ఒకటి బీరువాలో క్వారీ కాగితాల పక్కన. మొదట్లో స్పామ్ కూడా ఆర్కైవ్‌లోకి పోయింది, ఫిల్టర్ తర్వాత కాపీ తీయాలన్న ఆలోచన రాలేదు, తప్పు నాదే. ఎన్నేళ్లు ఉంచాలో మొదటి రోజే పెట్టుకోండి. పైలర్‌లో ఆడిటర్ అనే ఒక రకం లాగిన్ ఉంది, దానితో అందరి మెయిళ్లూ కనిపిస్తాయి, అది ఎవరికివ్వాలో ఓనర్‌తో తేల్చుకున్నాకే ఇవ్వండి.

ఎండీ గారి మెయిల్‌బాక్స్‌కు మాత్రం ఇప్పటికీ కోటా లేదు. 41 జీబీ. అడిగే ధైర్యం నాకు లేదు.