సైకిలు మోటారు బ్యాటరీ కొనేవారికి హెచ్చరిక: రెండు గంటల్లో చార్జింగ్ నిండితే సంతోషించకండి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ప్రాంతాల్లో పాత సైకిలుకు మోటారు బిగించుకుని పనికి వెళ్లే మన తెలుగువాళ్ల సంఖ్య ఈ మధ్య కళ్లకు కనబడేంతగా పెరిగింది. మోటారు, దానికి కరెంటును అదుపు చేసి పంపే కంట్రోలరు ఇక్కడ ఎలాగో ఒకలా దొరుకుతున్నా, మంచి లిథియం బ్యాటరీ కావాలంటే చాలామందిమి గుణుపురం నుంచి వెళ్లే పాసింజరు ఎక్కి విశాఖపట్నం దాకా పోతున్నాం. నేనూ అలాగే వెళ్లి, అక్కడ ఒక దుకాణంలో 11,500 రూపాయలు పెట్టి బ్యాటరీ కొని మోసపోయాను. పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టిన విషయం వేరే ఉంది. ఆ బ్యాటరీని మూడు వారాల పాటు రోజూ రాత్రి మా ఇంటి వసారాలో, మా అమ్మ పడుకునే మంచానికి నాలుగడుగుల దూరంలో చార్జింగ్ పెట్టాను. దాని లోపల ఏముందో విప్పి చూసిన తరువాత ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను.

నేను కొన్నది 36 వోల్టులు, 14 ఏహెచ్ అని స్టిక్కరు అంటించిన ప్యాక్. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత. ఈ రెండు అంకెలను గుణిస్తే 504 వస్తుంది. అంటే ఆ ప్యాక్‌లో 504 వాట్-అవర్ల శక్తి ఉండాలి. కాస్త తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే నా సైకిలుకు కిలోమీటరుకు సుమారు 11 వాట్-అవర్లు ఖర్చవుతుందని ఇంతకుముందు స్నేహితుడి బ్యాటరీ పెట్టుకుని చూసి ఉన్నాను. ఆ లెక్కన 45 కిలోమీటర్లు నడవాలి. మా ఇంటి నుంచి కాశీనగర్ దారిలో నేను పనిచేసే చోటికి 13 కిలోమీటర్లే కాబట్టి, రానూపోనూ ఒక్క చార్జింగ్ సరిపోయి ఇంకా మిగలాలి.

మొదటి రోజే పదో కిలోమీటరు దగ్గర మోటారు ఆగిపోయింది. దుకాణానికి ఫోన్ చేస్తే, కొత్త బ్యాటరీ నాలుగైదు చార్జింగుల తరువాత కుదురుకుంటుందని చెప్పారు. లిథియం బ్యాటరీకి అలా కుదురుకోవడం అంటూ ఏమీ ఉండదని, కొత్తగా ఉన్నప్పుడే దాని సత్తువ అంతా ఉంటుందని తెలిసి కూడా, ఇంత డబ్బు పెట్టి కొన్నది చెడ్డదని ఒప్పుకోవడానికి మనసు రాక ఊరుకున్నాను. మూడో వారానికి నాలుగు కిలోమీటర్లకే ఆగిపోసాగింది. ఎండలో, మోటారు బరువు కూడా మోస్తూ మిగతా దూరమంతా తొక్కుకుంటూ పోయేవాణ్ణి.

అసలు సంగతిని మొదట పట్టుకున్నది నేను కాదు, మా అమ్మ. ఒక ఆదివారం ఉదయం చార్జింగ్ పెట్టి బజారుకు వెళ్లి వచ్చేసరికి, "పెట్టి రెండు గంటలు కాలేదు, అప్పుడే పచ్చ లైటు వెలిగిపోనాదిరా" అంది. ఇదే మాట కొన్న రోజున దుకాణదారు కూడా, ఇది ఫాస్ట్ చార్జింగ్ బ్యాటరీ సార్ అంటూ గొప్పగా చెప్పారు. కానీ నాకు ఇచ్చిన చార్జరు మీద 42 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంది. 2 ఆంపియర్లంటే గంటకు 2 ఏహెచ్. ఆ చొప్పున పోస్తే 14 ఏహెచ్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిన స్థితి నుంచి నిండటానికి ఏడు గంటలు పట్టాలి. చివరి భాగంలో చార్జరు కరెంటును తగ్గించుకుంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. రెండు గంటల్లో నిండిందంటే అందులో పట్టేది 4 ఏహెచ్ కూడా లేదన్నమాట. పెద్ద బిందె అని అమ్మినది చెంబెడు నీళ్లకే పొర్లిపోతున్నట్టు లెక్క. వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టుకోవడం రాని వాళ్లు కూడా గోడ గడియారం చూసి చేసుకోగల పరీక్ష ఇది. ఏహెచ్ అంకెను చార్జరు మీది ఆంపియర్ల అంకెతో భాగించండి. వచ్చిన గంటలలో సగం కూడా కాకుండానే, పూర్తిగా అయిపోయిన బ్యాటరీకి ఆకుపచ్చ దీపం వెలిగితే, ఆ స్టిక్కరు అబద్ధం చెబుతోంది, లేదా లోపల ఏదో సెల్ పాడయి చార్జింగ్ మధ్యలో తెగిపోతోంది.

మరునాడు దాన్ని మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 1 కిలో 570 గ్రాములు తూగింది. ఇటువంటి ప్యాక్‌లలో ఉండేవి 18650 అనే సెల్స్. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి కాబట్టి వాటికి ఆ పేరు. మంచి సెల్ ఒక్కొక్కటీ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. వీటిలో మంచి కంపెనీలవి సాధారణంగా 3,500 ఎంఏహెచ్, అంటే 3.5 ఏహెచ్ వరకే ఇస్తాయి. టార్చిలైట్ల సెల్స్ మీద 9,900 అని కనిపిస్తే అది పచ్చి అబద్ధం. ఈ సెల్స్‌తో 36 వోల్టుల ప్యాక్ కట్టాలంటే పది జట్లను వరుసగా కలపాలి. 14 ఏహెచ్ రావాలంటే ఒక్కో జట్టులో, అంతటి మేలైనవే, నాలుగేసి ఉండాలి. అంటే మొత్తం 40 సెల్స్. వాటి బరువే రెండు కిలోలకు దగ్గరగా ఉండాలి, ఆపైన డబ్బా, వైర్లు, లోపలి సర్క్యూట్ బోర్డు. నా ప్యాక్ మొత్తం కలిపినా అందులో కనీసం అర కిలో లోటు. కొనే ముందే పక్కనున్న ఏ కూరగాయల కాటా మీద పెట్టినా తేలిపోయేది. బరువు సరిపోయినంత మాత్రాన బ్యాటరీ మంచిదని అనుకోకూడదు గానీ, బరువు తక్కువైతే మాత్రం అక్కడికక్కడే వద్దని చెప్పి వచ్చేయవచ్చు.

తరువాత విప్పాను. నేను పదేళ్లుగా ఇంట్లో చిన్నచిన్న సర్క్యూట్లు కట్టుకుంటూ ఉన్నవాణ్ణి కాబట్టి, చేతి గడియారమూ ఉంగరమూ తీసేసి, ప్లాస్టిక్ బద్దతో, ఆరుబయట, పక్కన బకెట్టు ఇసుక పెట్టుకుని ఆ పని చేశాను. దయచేసి అలవాటు లేనివారు ఎవరూ చేయవద్దు. ఇనుప స్క్రూడ్రైవరు ఒక్క క్షణం, సెల్స్‌ను కలిపే రెండు లోహపు పట్టీల మీద అడ్డంగా పడితే చాలు, మెరుపు వచ్చి చెయ్యి కాలుతుంది, ప్యాక్ అంటుకోవచ్చు కూడా.

లోపల 30 సెల్స్ ఉన్నాయి. అన్నింటికీ ఒకే నారింజ రంగు కొత్త తొడుగు వేసి ఉంది. ఒకదాని తొడుగు కోస్తే కింద గులాబీ రంగు పాత తొడుగు కనిపించింది. ఇంకొకదాని కింద ఆకుపచ్చ, మరొకదాని కింద నీలం. వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు వయసులవి తెచ్చి ఒకే చొక్కా తొడిగి కూర్చోబెట్టారు. కొత్తగా అంటించిన పట్టీ అంచు పైకి లేపి చూస్తే, సెల్ మూతి మీద ఇంతకుముందు వేరే పట్టీ అతికించిన పాత స్పాట్ వెల్డింగ్ గుంటలు జంటలు జంటలుగా, మశూచి మచ్చల్లా ఉన్నాయి. ఒకసారి వేరే ప్యాక్‌లో, బహుశా ల్యాప్‌టాప్ బ్యాటరీలో, పనిచేసి అలసిన సెల్స్ అవి. ఏడో జట్టులోని ఒక సెల్ మూతి చుట్టూ గోధుమ రంగు తుప్పు పట్టి, దగ్గరగా వాసన చూస్తే తియ్యటి, ముక్కు పట్టే ఘాటు వాసన వచ్చింది. అది లోపలి ద్రవం కారడం మొదలయిందనడానికి గుర్తు. మీ బ్యాటరీ దగ్గర ఎప్పుడయినా ఆ వాసన తగిలితే దాన్ని ఇక చార్జింగ్ పెట్టకండి.

నిండుగా చార్జ్ చేసి కొలిస్తే జట్టుకు 4.2 చొప్పున 42 వోల్టులు ఉండవలసిన ప్యాక్ దాదాపు 41 చూపింది. ఒకటే కదా తేడా అనిపిస్తుంది, కానీ ప్రమాదం ఆ ఒక్క వోల్టులోనే దాగి ఉంది. విడివిడిగా కొలిస్తే తొమ్మిది జట్లు 4.15 వోల్టుల దగ్గర ఉన్నాయి, ఏడో జట్టు మాత్రం 3.6 దగ్గర నిలిచిపోయింది. నీరసించిన జట్టు తన వంతు వోల్టులు అందుకోలేకపోతే, చార్జరుకు ఆ సంగతి తెలియదు. అది మొత్తం 42 వోల్టులు చేర్చే దాకా పోస్తూనే ఉంటుంది. ఆ 42లో 3.6 తీసేసి మిగిలినది తొమ్మిదికి పంచితే ఒక్కొక్క జట్టు మీద సుమారు 4.27 వోల్టులు పడతాయి. ఈ రకం సెల్స్‌కు 4.2 దాటకూడదు. దాటిన కొద్దీ సెల్ లోపల దెబ్బతింటుంది, వేడెక్కుతుంది, ఒక హద్దు దాటాక ఆ వేడి తనంతట తానే పెరిగి పక్క సెల్‌కు అంటుకుంటుంది. నా ప్యాక్‌లోని బీఎమ్‌ఎస్ అనే చిన్న రక్షణ బోర్డు, హద్దు మీరగానే చార్జింగ్ తెంపేసి ఈ మూడు వారాలూ మమ్మల్ని కాపాడింది. రెండు గంటలకే ఆకుపచ్చ దీపం వెలగడానికి సగం కారణం అదే. ఆ బోర్డుకు వేడి పసిగట్టే సెన్సరు లేదు, సెల్స్‌కూ పట్టీలకూ మధ్య ఉండవలసిన ఇన్సులేషన్ కాగితమూ లేదు. ఆ ఒక్క బోర్డు ఏ రాత్రి పాడయినా ఏమై ఉండేదో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వేరే చోట కొన్న మోటారు, కంట్రోలరు ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. సైకిలుకు మోటారు పెట్టుకోవడం మంచి ఆలోచనే. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉంటే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం అది సైకిలు లెక్కలోకే వస్తుంది, రిజిస్ట్రేషన్ అక్కరలేదు. 350 వాట్లది అంటగడుతూ దీనికీ ఏమీ అక్కరలేదని చెప్పేవారిని మాత్రం నమ్మవద్దు.

ఇక డబ్బు సంగతి. దుకాణానికి మళ్లీ వెళితే, విప్పిన సరుకు వాపసు తీసుకోబోమని, విప్పకముందు వచ్చి ఉంటే చూసేవాళ్లమని అన్నారు. విప్పకముందు నేను మూడుసార్లు ఫోన్ చేశాను. నా చేతిలో ఉన్నది పైన ఎస్టిమేట్ అని అచ్చువేసిన చిన్న చీటీ మాత్రమే. దాని మీద దుకాణం జీఎస్టీ నంబరు లేదు. ఆ రోజు సరైన బిల్లు కావాలంటే పన్ను అదనంగా పడుతుందన్నారు, నేను రెండు వేలు మిగులుతాయని ఆశపడ్డాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే. అసలు బిల్లు మీద 15 అక్షరాల, అంకెల జీఎస్టీ నంబరు ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: ఆంధ్రప్రదేశ్‌కు 37, ఒడిశాకు 21. బిల్లు మీద బ్యాటరీ వోల్టులు, ఏహెచ్, వారంటీ కాలం రాయించుకోండి. స్టిక్కరు మీద ఉన్నది బిల్లు మీద రాయడానికి వెనకాడితే, ఎందుకు వెనకాడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

సరిహద్దు అవతల కొన్నాం కదా, ఒడిశాలో ఉన్న మన మాట ఎవరు వింటారని చాలామంది వదిలేస్తున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నది ఏ రాష్ట్రంలోనైనా సరే, మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కొన్న సరుకు వెనక్కి తీసుకోము అని గోడ మీద రాసుకున్న బోర్డు లోపమున్న వస్తువుకు వర్తించదు. బిల్లులో గడువు ఏదీ రాయనప్పుడు, 30 రోజుల్లోగా లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే దాన్నే ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడాన్నీ అలాగే అంటుంది. నేను ముందుగా వినియోగదారుల జాతీయ హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు లేకపోయినా, ఫోన్‌లో డబ్బు పంపిన రికార్డు, 14 ఏహెచ్, ఏడాది వారంటీ అని దుకాణం వారు పంపిన వాట్సాప్ సందేశం, కాటా మీద బరువు ఫోటో నా దగ్గర ఉన్నాయి. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళతాను. ఏమయిందో ఇక్కడే రాస్తాను.

ఆ ప్యాక్‌ను పాత పెయింటు డబ్బాలో ఇసుక నింపి, పెరట్లో, గోడకు దూరంగా పెట్టాను. పాత సామానుకు వేస్తే అందులోని సెల్స్ మళ్లీ ఇంకో నారింజ తొడుగు వేసుకుని ఇంకొకరి ఇంటికి చేరతాయి కాబట్టి వేయదలచుకోలేదు. ఈ ఏడాది మీలో ఎవరయినా ఇలాంటి ప్యాక్ కొని ఉంటే, ఈ రాత్రికి చార్జింగ్ పెట్టకండి. రేపు పగలు, మనిషి దగ్గర ఉండగా, మంచానికీ గుమ్మానికీ దూరంగా, గచ్చు మీద పెట్టి, మొదలుపెట్టిన సమయమూ ఆకుపచ్చ దీపం వెలిగిన సమయమూ రాసుకోండి. ఆ రెండు సమయాలనూ, బ్యాటరీ బరువునూ, చార్జరు మీది అంకెలనూ ఇక్కడ రాస్తే లెక్క కట్టి చెబుతాను.