మిర్యాలగూడ దాటాక కొన్న బూడిద ఇటుకలు

వెనుక ప్రహరీకి, దాన్ని ఆనుకుని కట్టే గదికి 8,000 బూడిద ఇటుకలు, అంటే థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిదతో చేసేవి, తీసుకున్నాను. అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద మిర్యాలగూడ దాటాక ఉన్న చిన్న ఇటుకల యూనిట్‌లో కొన్నాను. మా మేస్త్రికి ఎర్ర ఇటుకే ఇష్టం. "బూడిద గోడ వానకు నిలుస్తుందా సార్?" అని రెండుసార్లు అడిగాడు.

నేను 31 ఏళ్లు ఒక పాత థర్మల్ కేంద్రంలో బాయిలర్ దగ్గర పనిచేశాను. మన బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే. పొగగొట్టానికి ముందుండే ఈఎస్పీ, అంటే పొగలోంచి బూడిదను పట్టే యంత్రం, వేల వోల్టులతో ఆ బూడిదను పలకలకు అంటిస్తుంది, సుత్తులు తట్టి కింది హాపర్లలోకి (గరాటు లాంటి తొట్లలోకి) రాలుస్తాయి. మా దగ్గర అందులో ఒక భాగం ట్రిప్పయిందంటే క్వార్టర్స్‌లో ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాల్సిందే. నేను రిటైరయ్యే ముందు ఈఎస్పీకి కొత్త పలకల వరుసలు చేర్చారు. ఆ చలికాలం మా తులసి ఆకుల మీద వేలు రాస్తే బూడిద అంటలేదు. ఆధునికీకరణ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఆ ఆకులే గుర్తుకొస్తాయి.

యూనిట్‌లో బూడిద గుప్పెడు తీసి చూశాను. లేత బూడిద రంగు, పౌడరంత మెత్తన. మా పాత బాయిలర్ల బూడిదలో సగం కాలిన బొగ్గు నల్లని రవ్వలుగా మిగిలేది. అలాంటిది ఇటుకకు పనికిరాదు. ఇది దామరచర్ల వైపు నుంచి ట్యాంకరులో వస్తుందని యజమాని చెప్పారు. అక్కడి వీర్లపాలెంలోనే 800 మెగావాట్ల యూనిట్లు ఐదున్న యాదాద్రి కేంద్రం ఉంది. అవి సూపర్ క్రిటికల్ బాయిలర్లు. పీడనం 221 బార్లు దాటడంతో నీరు బుడగలు కట్టి మరగకుండానే ఆవిరవుతుంది, అంతే కరెంటుకు బొగ్గు తక్కువ పడుతుంది. బూడిద తగ్గుతుంది కానీ పోదు. దానికి చోటు ఇలాంటి ఇటుకల యూనిట్లే చూపాలి. పైగా ఈ ఇటుకకు బట్టీ అక్కర్లేదు, చెరువు మట్టీ అక్కర్లేదు.

ఇంట్లో ఒక ఇటుకను తూచాను, 3 కిలోల 100 గ్రాములు. రోజంతా నీళ్లలో ఉంచి తూస్తే 3 కిలోల 520. అంటే పీల్చింది 13.5 శాతం. ఈ ఇటుకలకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 12894 దీన్ని 20 శాతం దాకా ఒప్పుకుంటుంది. అంచులు సూటిగా ఉండటంతో ప్లాస్టరింగ్ పలుచగా సరిపోయింది. మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు.

ఒక్కటే బాధ కలిగించింది. మొదటి లోడు పూర్తిగా క్యూరింగ్ (నీళ్లు కొట్టి గట్టిపడనివ్వడం) కాకుండానే పంపారు. దించేటప్పుడు మూలలు రాలిపోయాయి, గోరుతో గీస్తే గీత పడింది. ఫోన్ చేస్తే వాదించకుండా వెనక్కి తీసుకుని వేరే లోడు పంపారు, కానీ నాలుగు రోజుల కూలీ నష్టపోయాను. అందుకే అయిదుకు నాలుగు మార్కులు. ఇటుక ధర 7 రూపాయలు, ట్రాక్టరు బాడుగ వేరు. వెళ్లేవారు ఇటుకల వరుస మీద సుద్దతో రాసిన తేదీ చూసి, 21 రోజులు నీళ్లు కొట్టినవే ఎక్కించుకోండి.