గాలి డోమ్‌లో బ్లాక్ హోల్ షో: 5కి 3 స్టార్లు

ఆదివారం కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గాలి ఊదే డోమ్ వేసి బ్లాక్ హోల్ (కృష్ణబిలం, అంటే వెలుతురు కూడా తప్పించుకోలేనంత గురుత్వం ఉన్నది) షో పెట్టారు. టికెట్ 150 రూపాయలు. వంగి లోపలికి దూరాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

మన పాలపుంత నడుమ ఉన్న కృష్ణబిలం సూర్యుడికి 40 లక్షల రెట్లు బరువు. ఎం87 గెలాక్సీలోదైతే ఏకంగా 650 కోట్ల రెట్లు! గ్యాస్ మింగుతూ, ఒకదాంతో ఒకటి కలిసిపోతూ అంత పెరుగుతాయట. గెలాక్సీలు ఢీకొన్నా వాటి కృష్ణబిలాలు వెంటనే కలవవు. చుట్టూ ఉన్న నక్షత్రాలను విసిరేస్తూ, వేగం పోగొట్టుకుంటూ మెల్లగా దగ్గరికి జారతాయి. చివర్లో శక్తి గురుత్వ తరంగాలుగా (స్థలకాలంలో పుట్టే అలలుగా) పోయి, రెండూ ఒకటవుతాయి. సరిగ్గా అక్కడే కరెంటు పోయి డోమ్ మా నెత్తిన కూలింది. పిల్లలు అదీ షోలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఈ భారీ కృష్ణబిలాల మొదటి విత్తనం చచ్చిన తొలితరం నక్షత్రమా, నేరుగా కుప్పకూలిన గ్యాస్ మేఘమా అన్నది ఇంకా తేలలేదని దాచకుండా చెప్పడం నచ్చింది. 2023లో పల్సార్ల (గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాల) సాయంతో ఇలాంటి తరంగాల ఆనవాళ్లు పట్టిన బృందాల్లో మన ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. షోలో ఆ ముక్కే లేదు!

వ్యాఖ్యానమంతా ఇంగ్లిష్. అత్తయ్యకు నేనే చెవిలో తెలుగు చేశాను. "పెద్ద చేప చిన్న చేపను మింగడమేగా?" అంది.