హార్డ్ డిస్క్ చెడిపోతే: సాఫ్ట్‌వేర్, షాపు, ల్యాబ్... ఏది మేలు?

హార్డ్ డిస్క్ మొరాయించగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: మంచి రికవరీ సాఫ్ట్‌వేర్ ఏది? ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. డిస్కు ఏం చప్పుడు చేస్తోంది? మామూలుగా తిరుగుతూ, కంప్యూటర్‌లో సరైన పేరుతో, సరైన సైజుతో కనబడుతూ, ఫైళ్లు మాత్రమే మాయమైతే యంత్రం బాగానే ఉన్నట్టు, ఫైళ్ల జాబితా చెదిరినట్టు. టక్కు టక్కుమని లయగా కొట్టుకుంటుంటే చాలావరకు సమాచారాన్ని చదివే హెడ్లు దెబ్బతిన్నట్టే. సన్నగా బీప్‌మంటూ తిరగలేకపోతుంటే హెడ్లు లోపల తిరిగే పళ్లేనికి అతుక్కుపోయి ఉండొచ్చు, లేదా మోటారు బిగుసుకుని ఉండొచ్చు. కరెంటు ఇచ్చినా ఉలుకూ పలుకూ లేకపోతే అనుమానం కింది సర్క్యూట్ బోర్డు మీదికి పోతుంది. ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు. మొదటిదాన్ని పైసా ఖర్చు లేకుండా గట్టెక్కించే సాఫ్ట్‌వేరే రెండోదాన్ని ఎవరికీ పనికిరాకుండా చేసి పెడుతుంది.

డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీది అయస్కాంత గుర్తులను చదివే హెడ్ పళ్లేన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తులో, గాలి పొర మీద తేలుతుంది. మన తలవెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లు. హెడ్ దెబ్బతిన్నాక డిస్కును తిప్పుతూ పోతే అది పళ్లెం మీది సన్నని పూతను గీరేస్తుంది. పూత లేచిపోయిన చోట సమాచారం ఉండదు. అది ఎంత పెద్ద డేటా రికవరీ ల్యాబ్‌కైనా అందదు. అందుకే ఇంట్లో సాఫ్ట్‌వేర్, షాపు, ల్యాబ్ అనే ఈ దారులను ధరతో పోల్చడం మొదలుపెడితే లెక్క తప్పుతుంది. ఒక్కో ప్రయత్నం డిస్కులో మిగిలిన ఆయుష్షును ఎంత తినేస్తుందో చూసి పోల్చుకోవాలి.

ఇంట్లో చేసుకునే పని

పొరపాటున తొలగించిన ఫైళ్లు, తొందరలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) కనబడకుండా పోయిన డిస్కు... వీటికి ల్యాబ్ మెట్లెక్కడం డబ్బు దండగ. ఫైలును తొలగించినప్పుడు విండోస్ దాని పేరును జాబితాలోంచి కొట్టేస్తుందే గానీ లోపలి సమాచారాన్ని వెంటనే తుడిచేయదు. ఆ చోటికి వేరే ఫైలు వచ్చి కూర్చునేదాకా అది అక్కడే ఉంటుంది. కాబట్టి ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకూడదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేసి, దొరికిన ఫైళ్లను మళ్లీ అందులోనే సేవ్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దానికంటే ఏమీ చేయకుండా ఊరుకోవడం నయం.

రికవరీ సాఫ్ట్‌వేర్లలో టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ రెండూ ఉచితం, రెండూ క్రిస్టోఫ్ గ్రెనియే రాసినవే. చూడటానికి నల్ల తెర, తెల్ల అక్షరాలు. మొదటిసారి చూసినవాళ్లు జంకుతారు. రెకువా చేతికి సులువు. ఆర్-స్టూడియోకు డబ్బు కట్టాలి, కానీ చెదిరిన ఫోల్డర్ల అమరికను తిరిగి కూర్చడంలో అది గట్టిది. పేర్లు ఎన్ని ఉన్నా పద్ధతులు రెండే. మొదటిది, డిస్కులో మిగిలిన ఫైళ్ల జాబితాను చదివి పేర్లతో, ఫోల్డర్లతో సహా తిరిగి తేవడం. రెండోది, జాబితా పూర్తిగా పోయినప్పుడు ఒక్కో రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టుకుని ముక్కలు ఏరడం. ఫోటోరెక్ చేసేది ఈ రెండోదే. ఫైళ్లు వస్తాయి, పేర్లు రావు. విషయసూచిక చిరిగిపోయి, పేజీ నంబర్లు చెరిగిపోయిన పుస్తకం చేతికొచ్చినట్టు ఉంటుంది.

ఈ తేడా ఎవరిని ఎంత బాధపెడుతుందో వృత్తిని బట్టి ఉంటుంది. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోవాళ్లకు పేర్లు పోయినా పెద్ద నష్టం లేదు. తీసిన తేదీ, సమయం కెమెరా ప్రతి ఫొటో లోపలే రాసి పెడుతుంది కాబట్టి ముహూర్తం ఫొటోలేవో, రిసెప్షన్ ఫొటోలేవో వరుస పెట్టుకోవచ్చు. అదే పెళ్లి వీడియో అయితే కష్టం. పెద్ద ఫైలు డిస్కు మీద నాలుగు చోట్ల ముక్కలుగా ఉంటే ఇలా ఏరిన వీడియో చాలాసార్లు ఆడదు. డీటీపీ చేసేవారికి వేల కొద్దీ పేజీమేకర్ ఫైళ్లు పేర్లు లేకుండా వచ్చి పడితే ఒక్కోటి తెరిచి చూసుకోవాల్సిందే. ఇక అకౌంటెంట్ల సంగతి మరీ ఇబ్బంది. ట్యాలీలో ఒక్కో కంపెనీ డేటా ఒక నంబరున్న ఫోల్డర్‌లో చాలా ఫైళ్లుగా ఉంటుంది. పేర్లు, ఫోల్డర్ పోయి విడివిడిగా దొరికితే ఆ ముక్కలతో లెక్కలు తెరుచుకోవు. ఇలాంటివారు ఫోటోరెక్ జోలికి పోకుండా, జాబితాను తిరిగి నిర్మించే సాఫ్ట్‌వేర్‌కే ముందు అవకాశం ఇవ్వాలి.

ఇదంతా ఆరోగ్యంగా తిరుగుతున్న డిస్కు సంగతి. తిరుగుతోంది గానీ బాగా నెమ్మదించింది, ఫోల్డర్ తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది, అప్పుడప్పుడు కనబడి మాయమవుతోంది అంటే దాంట్లో చెడ్డ సెక్టార్లు, అంటే చదవడానికి వీలుకాని చిన్న చిన్న చోట్లు, పెరుగుతున్నాయని అనుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాధనం తెరిచి రీఅలొకేటెడ్ (చెడిపోయి బదులు చోటుకు మార్చినవి), పెండింగ్ (చదవలేక అనుమానంలో ఉంచినవి) సెక్టార్ల వరుసలు చూస్తే విషయం తెలిసిపోతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సాధారణ రికవరీ సాఫ్ట్‌వేర్ చదవలేని చోట ఆగి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఆ బలహీనమైన హెడ్‌ను గంటల తరబడి అక్కడే నలిపేస్తుంది. గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పద్ధతి వేరు. ముందు సులువుగా చదవగలిగే భాగాలన్నింటినీ వేరే డిస్కులోకి నకలు తీస్తుంది. కష్టమైనచోట్లను దాటేసి, వాటిని ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. చివర్లో మాత్రమే వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే కొనసాగుతుంది. తర్వాత మీరు ఎన్ని సాఫ్ట్‌వేర్లు తిప్పినా ఆ నకలు మీదే తిప్పుతారు, అసలు డిస్కును ముట్టుకోరు. దీన్ని లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి, కమాండ్ టైపు చేయాలి. అందులో మూల డిస్కు, గమ్యం డిస్కు తారుమారైతే ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి చేయి తిరిగినవారు పక్కన ఉండాలి. అయినా ఇంటి ప్రయత్నాల్లో నేను మొదటి ఓటు వేసేది దీనికే. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా నకలు తర్వాతే.

చేయకూడని పని మాత్రం విండోస్‌లో ఉండే చెక్‌డిస్క్‌ను నడపడం. విండోస్ "ఈ డిస్కులో లోపాలున్నాయి, సరిచేయమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. అది సరిచేసేది ఫైళ్ల జాబితాను. మీ ఫైళ్లను కాపాడటం దాని ఉద్దేశం కాదు. తనకు అర్థం కానివాటిని కత్తిరించి ఒక మూల పడేస్తుంది. డేటా కావాలనుకుంటే వద్దనే చెప్పండి. డిస్కును ఫ్రీజర్‌లో పెట్టమనే పాత చిట్కా కూడా ఇప్పటికీ తిరుగుతోంది. బయటికి తీయగానే పళ్లేల మీద తేమ పేరుకుంటుంది. నానోమీటర్ల ఎత్తున తేలే హెడ్‌కు అది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచేది) అయితే పై లెక్కలు చాలావరకు చెల్లవు. ఫైలు తొలగించగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ ఆ చోటును ఖాళీగా లెక్కగడుతుంది. తర్వాత చదివితే సాధారణంగా వచ్చేవి సున్నాలే. అక్కడ సాఫ్ట్‌వేర్ కొన్నా ఫలితం ఉండదు.

బజారులోని షాపు

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు. డిస్కు చేత్తో పట్టుకుని వెళ్లే చోట్లు ఇవి. ఈ షాపులను తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఎక్స్‌టర్నల్ డిస్కు కేబుల్ పోయిందా, పెట్టెలోని చిన్న బోర్డు పోయిందా, అసలు డిస్కే పోయిందా అన్నది అక్కడ కాసేపట్లో తేల్చేస్తారు. "చచ్చిపోయింది" అనుకున్నవాటిలో కొన్ని కేబుల్ మార్చగానే లేచి కూర్చుంటాయి. బోర్డు మీద కరెంటు హెచ్చుతగ్గులకు కాలిన చిన్న భాగాన్ని మార్చి నడిపించే నేర్పు ఉన్నవాళ్లూ ఉన్నారు.

బోర్డు మొత్తం మార్చడం దగ్గర మాత్రం జాగ్రత్త. పాతరోజుల్లో అదే మోడల్ బోర్డు బిగిస్తే పనయ్యేది. ఇప్పటి డిస్కుల్లో ప్రతి బోర్డు మీదా ఆ ఒక్క డిస్కుకే సరిపోయే సర్దుబాటు వివరాలున్న చిన్న చిప్ ఉంటుంది. దాన్ని పాత బోర్డు నుంచి తీసి కొత్తదానికి అతికించాలి, లేదా అందులోని వివరాలను ఎక్కించాలి. ఆ సంగతి ఎత్తకుండా "బోర్డు మార్చేస్తాం సార్" అంటే డిస్కు వెనక్కి తీసుకోండి. ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఇంకో చిక్కుంది. కొన్నింటిలో యూఎస్‌బీ పోర్టు డిస్కు బోర్డు మీదే ఉంటుంది, వేరే పెట్టెలో పెట్టడానికి వీలుండదు. కొన్నింటిలో పెట్టెలోని బోర్డే డేటాను రహస్య సంకేతంగా మార్చి రాస్తుంది. ఆ బోర్డు పారేసి డిస్కును నేరుగా కలిపితే కనబడేది అర్థంలేని చెత్త. కాబట్టి పాత బోర్డు, పెట్టె, కేబుల్ ఏదీ పారేయకండి.

యంత్రం బాగుండి, లోపలి ఫర్మ్‌వేర్, అంటే డిస్కును నడిపే సొంత ప్రోగ్రామ్, చెడే సందర్భాలూ ఉంటాయి. 2008 చివర్లో సీగేట్ బారకుడా 7200.11 డిస్కులు కొన్ని ఒక రోజు ఉన్నట్టుండి కంప్యూటర్‌కు కనబడటం మానేశాయి. డేటా లోపల భద్రంగానే ఉంది. ఫర్మ్‌వేర్‌లోని లోపం వల్ల డిస్కు మొదలవ్వలేకపోయింది. కంపెనీ 2009 జనవరిలో సవరణ ఇచ్చింది. ఈలోగా ఔత్సాహికులు చిన్న సీరియల్ కేబుల్ తగిలించి, కొన్ని ఆదేశాలు పంపి వాటిని లేపారు. ఇలాంటి పనికి ఏస్ ల్యాబ్ అనే కంపెనీ తయారుచేసే పీసీ-3000 లాంటి డేటా రికవరీ పరికరం ఉన్న షాపు ల్యాబ్‌తో దాదాపు సమానం. లేని షాపు, ఇంట్లో మీ దగ్గరున్న సాఫ్ట్‌వేరే వాడుతుంది, మీ కంటే ధైర్యంగా. అందుకే షాపులో అడగాల్సింది ధర కాదు. "ముందు నకలు తీస్తారా, దేంతో తీస్తారు" అని.

టక్కు టక్కుమనే డిస్కును మాత్రం షాపులో వదలొద్దు. మూత విప్పి "చూద్దాం" అనే క్షణంలోనే గదిలోని దుమ్ము లోపలికి పోతుంది. తర్వాత ల్యాబ్‌కు వెళ్తే వాళ్లు మొదట అడిగేది ఇదివరకు ఎవరైనా విప్పారా అనే. విప్పిన డిస్కుకు బిల్లు పెరుగుతుంది, ఆశ తగ్గుతుంది. చౌకగా కనబడే మధ్య దారి, ఈ ఒక్క సందర్భంలో, అన్నింటికంటే ఖరీదైనది.

ల్యాబ్

ఇక్కడ డిస్కును దుమ్ము వడకట్టిన గాలిలోనే విప్పుతారు. క్లాస్ 100 అని పిలిచే ప్రమాణం ప్రకారం ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్, అంతకు మించిన రేణువులు 100 దాటకూడదు. అదే మోడల్, వీలైతే అదే ఫర్మ్‌వేర్ ఉన్న దాత డిస్కు వెతికి దాని హెడ్లను ఇందులో అమర్చి, ఆ హెడ్లు నిలిచినంతసేపట్లో నకలు తీసేస్తారు. డిస్కు మళ్లీ వాడకానికి రాదు, డేటా మాత్రమే వస్తుంది.

ఇది ఎంతవరకు సాధ్యమో తెలియాలంటే కొలంబియా వ్యోమనౌకను గుర్తుచేసుకోవాలి. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ ప్రమాదంలో శకలాల మధ్య కాలి నల్లబడిన ఒక హార్డ్ డిస్క్ దొరికింది. జెనాన్ వాయువు మీద చేసిన ప్రయోగం కొలతలు అందులో ఉన్నాయి. ఆన్‌ట్రాక్ సంస్థ ఇంజినీర్లు పళ్లేలను శుభ్రం చేసి, వేరే డిస్కులో అమర్చి, దాదాపు 99 శాతం సమాచారం బయటికి తీశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అదే నౌకలోని మరో రెండు డిస్కుల నుంచి పనికొచ్చేది ఏమీ రాలేదు. మొదటిదానిలో సమాచారం రాసిన చోట పళ్లేల పూత నిలిచింది, అంతే తేడా. అంతటి మంటను తట్టుకున్న పూతను, టక్కు టక్కుమంటున్న డిస్కును రాత్రంతా స్కాన్‌లో వదిలేసి మనం ఇంట్లోనే గీరేసుకోగలం.

ల్యాబ్ ప్రతికూలతలు కూడా చెప్పాలి. హెడ్లు మార్చే పనికి బిల్లు పదుల వేల రూపాయలకు చేరుతుంది. దాత డిస్కు దొరకడానికి వారాలు పట్టొచ్చు. లోపల హీలియం నింపిన పెద్ద డిస్కులైతే పని మరింత కష్టం. డేటాను రహస్య సంకేతంగా మార్చే విండోస్ తాళం బిట్‌లాకర్ వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ల్యాబ్ కూడా ఏమీ చేయలేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి వాడిన కంప్యూటరైతే ఆ కీ చాలావరకు మీ ఖాతాలోనే ఉంటుంది. డిస్కు పంపేముందే వెతికి పెట్టుకోండి.

నాలుగో దారి

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు: కరెంటు తీసేసి, బీరువాలో పెట్టేయడం. అయస్కాంత గుర్తులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఈ నెల ల్యాబ్‌కు డబ్బు లేకపోతే వచ్చే ఏడాది ఉండొచ్చు. తాతగారి ఫొటోలు, ఇంకెక్కడా లేని గొంతు రికార్డింగులు ఉన్న డిస్కు టక్కుమంటుంటే, షాపులో రెండు వేలు పెట్టి విప్పించడం కంటే ఇదే మేలని నా గట్టి అభిప్రాయం. ఎస్‌ఎస్‌డీకి ఈ సలహా వర్తించదు. కరెంటు లేకుండా ఏళ్లు గడిస్తే దాని చిప్‌లలో సమాచారాన్ని నిలిపే సూక్ష్మ గదుల్లోని విద్యుదావేశం నెమ్మదిగా కారిపోతుంది.

మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగిన సినిమాలు, ఇంకో చోట నకలున్న ఆఫీసు ఫైళ్లు అయితే ఇంత ఆలోచన అనవసరం. ఇంట్లోనే ప్రయత్నించి, రాకపోతే వదిలేయండి.

ల్యాబ్‌కే వెళ్తున్నట్టయితే సంతకం పెట్టేముందు కాగితం మీద నాలుగు విషయాలు రాయించుకోండి: పరీక్షకు రుసుము ఉందా, డేటా రాకపోతే ఎంత కట్టాలి, డబ్బు కట్టేముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తారా, అసలు డిస్కు తిరిగి ఇస్తారా. "డేటా రాకపోతే డబ్బు వద్దు" అన్నచోట కూడా దాత డిస్కు ఖర్చు ఆ మాటలోకి వస్తుందో రాదో విడిగా అడగండి.