అద్దె హోటలా, ప్రభుత్వ సొంత భవనమా? ఐర్లండ్‌లో ఏది మేలు

2025లో ఐర్లండ్ ప్రభుత్వం సిటీవెస్ట్ హోటల్‌ని కొన్నప్పటి నుంచి డబ్లిన్‌లో మనవాళ్లు ఇద్దరు కలిస్తే ఇదే ప్రశ్న. ఆశ్రయం కోరి వచ్చినవాళ్ల కోసం 14.8 కోట్ల యూరోలు పెట్టి హోటల్ కొనడమెందుకు, అద్దెకు తీసుకుంటే పోయేదిగా?

అద్దెను తీసిపారేయలేం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. భవనం కట్టాలంటే ఏళ్లు పడుతుంది, వచ్చినవాళ్లకు ఆ రాత్రికే మంచం కావాలి. అప్పుడు ఆదుకున్నవి హోటళ్లే. అయితే 2000లో ఈ వసతి పద్ధతి మొదలైనప్పుడు, ఎవరైనా ఆరు నెలలకు మించి ఉండరనుకున్నారు. చాలామంది ఏళ్ల తరబడి ఉండిపోయారు. 2024లో వసతి ఖర్చు సుమారు 100 కోట్ల యూరోలకు చేరింది. అందులో చాలా భాగం ప్రైవేటు యజమానులకే వెళ్లింది. సిటీవెస్ట్‌కి పెట్టిన డబ్బు నాలుగేళ్లు దాటగానే తిరిగొస్తుందని ప్రభుత్వం లెక్కకట్టింది.

నాకు మాత్రం డబ్బు కంటే పెద్ద విషయం వేరే ఉంది. హోటల్‌తో అద్దె ఒప్పందం ముగిసిన రోజు ఏం జరుగుతుంది? హోటల్ యజమాని మళ్లీ టూరిస్టులకు గదులు ఇచ్చుకుంటానంటాడు. లోపల ఉన్న కుటుంబం సామాను సర్దుకుని, ఇంకో జిల్లాకి వెళ్లాలి. పిల్లకి అప్పుడప్పుడే బడి అలవాటై ఉంటుంది, ఒక స్నేహితురాలు దొరికి ఉంటుంది. తల్లికి పని చేసుకునే అనుమతి వచ్చి, చిన్న ఉద్యోగం కుదిరి ఉంటుంది. అన్నీ మళ్లీ మొదటికి. ఓనర్ "ఖాళీ చేయండి" అన్న మాట విన్న ఎవరికైనా ఆ టెన్షన్ తెలుసు. వీళ్లకైతే ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే వీలు కూడా ఉండదు. ఊరి బాధ ఊరికీ ఉంది. 2024 జనవరిలో రోస్‌క్రే అనే చిన్న పట్టణం జనం అంతగా ఆందోళన చేసింది, ఊళ్లో నడుస్తున్న ఒక్క హోటల్ కూడా వసతి కేంద్రమైపోతోందనే.

సొంత భవనమైతే అన్నీ సర్దుకుంటాయని కాదు. ఇప్పటికే ప్రభుత్వానికి సొంతంగా ఉన్న కొద్దిపాటి కేంద్రాలను కూడా ప్రైవేటు సంస్థలే నడుపుతూ వచ్చాయి. సిటీవెస్ట్‌లో 700కు పైగా గదులు. అంతమందిని ఒక్కచోట పెడితే బడి, డాక్టరు, బస్సు అన్నిటి మీదా భారం పడుతుంది. 2025 అక్టోబరులో ఒక బాలికపై లైంగిక దాడి కేసు తర్వాత ఆ కేంద్రం బయటే అల్లర్లు జరిగి, పోలీసు వ్యాన్ తగలబడింది. అందుకే ప్రభుత్వం కొనాలనే అంటాను, కానీ చిన్న చిన్నవి, వేర్వేరు ఊళ్లలో కొనాలి.

వసతి దొరకనివాళ్లు తలదాచుకున్న టెంట్ల గురించి చెప్పడానికేమీ లేదు. 2024లో డబ్లిన్ మౌంట్ స్ట్రీట్‌లో వానలో తడిసినవాళ్లను చూశాక దాన్ని వసతి అనలేం.

2028 నాటికి 14 వేల సొంత పడకలు సిద్ధం చేస్తామని ప్రభుత్వం 2024 మార్చిలో చెప్పింది. 2025లో వసతిలో ఉన్నవాళ్లే సుమారు 33 వేలు. అంటే ఆ పడకలన్నీ వచ్చినా సగం మందికి పైగా అద్దె గదుల్లోనే ఉంటారు. అందుకే సొంత భవనాల్లో మొదటి గదులు బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబాలకే ఇవ్వాలి.